టార్గెట్ ఎవరి నెత్తిన? కైరో నుంచి ‘5బి’ దాకా

ఏఎన్ఎం (పల్లె నర్సు) నోట టార్గెట్ అంటే మార్చి 31 లోపు చేయించాల్సిన కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ల లెక్క. ఐక్యరాజ్య సమితి కాగితాల్లో అదే మాట ప్రభుత్వాలు తమ ప్రజలకు పడ్డ బాకీ. పునరుత్పత్తి ఆరోగ్యం ప్రపంచ అభివృద్ధి లక్ష్యాల్లోకి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కిన కథంతా ఈ రెండు అర్థాల మధ్య లాగులాటే.

ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ కార్యక్రమం నడపడం ప్రపంచంలో మొదట మన దేశంలోనే, 1952లో మొదలైంది. లెక్కల మోజు తర్వాత పట్టుకుంది. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క శిబిరంలో 63 వేలకు పైగా ఆపరేషన్లు చేశారు, దాదాపు అన్నీ మగవాళ్ళకే. 1974లో బుఖారెస్ట్ జనాభా సదస్సులో కేంద్ర ఆరోగ్యమంత్రి కరణ్ సింగ్ అభివృద్ధిని మించిన గర్భనిరోధకం లేదన్నారు. రెండేళ్ళు తిరక్కుండానే ఆయనే ప్రకటించిన జనాభా విధానం, చదువూ ఆర్థికాభివృద్ధీ వచ్చి జననాలు తగ్గించేదాకా ఆగడం ఆచరణలో కుదరదంది. 1976-77 ఒక్క ఏడాదిలో ఆపరేషన్లు 80 లక్షలు దాటాయి. ఈ ఎమర్జెన్సీ బలవంతాల తర్వాత 1977 ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడిపోయింది, వేసెక్టమీకి (మగవాళ్ళ ఆపరేషన్‌కి) పడ్డ చెడ్డపేరు మాత్రం ఇంకా పోలేదు. అప్పటినుంచి భారమంతా ఆడవాళ్ళ మీదికి మళ్ళింది.

1994 సెప్టెంబరులో కైరోలో ఐక్యరాజ్య సమితి జనాభా సదస్సులో 179 దేశాలు కూర్చుని ఈ పద్ధతికే ఎదురు చెప్పాయి. సదస్సును నడిపించింది పాకిస్తాన్ డాక్టరు నఫీస్ సాదిక్. జనాభా అంకెలను పక్కనబెట్టి, ఎంతమందిని ఎప్పుడు కనాలో తేల్చుకునే హక్కు, సురక్షిత ప్రసవం, సుఖవ్యాధుల చికిత్స, కిశోర బాలికల ఆరోగ్యం అన్నీ ఒకే సేవగా 2015 నాటికి అందరికీ అందాలన్నారు. 2000 సంవత్సరానికి 1,700 కోట్ల డాలర్లు కావాలనీ, అందులో మూడో వంతు దాతల దేశాలు పెట్టుకోవాలనీ లెక్క కట్టారు. గర్భస్రావం మీద వాటికన్ చివరిదాకా పేచీ పెట్టింది.

ఆ పేచీ ఫలితం ఆరేళ్ళకి తేలింది. 2000 జూన్‌లో ఐక్యరాజ్య సమితి, ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, ఓఈసీడీ (సంపన్న దేశాల సంఘం) కలిసి వేసిన నివేదికలో పునరుత్పత్తి ఆరోగ్యం ఒక లక్ష్యంగా ఉంది. సెప్టెంబరులో వచ్చిన ఐక్యరాజ్య సమితి సహస్రాబ్ది ప్రకటనలో లేదు. అందరి సంతకం కావాలంటే గొడవ పెట్టే మాట తీసేయడమే సులువని తోచినట్టుంది. దాన్నుంచి పుట్టిన సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాల్లో ఐదోదాని కింద మాతృ మరణాల రేటును 1990 నుంచి 2015 లోగా నాలుగింట మూడొంతులు తగ్గించడం ఒక్కటే మిగిలింది.

దీనితో వచ్చిన చిక్కు కొలతది. తల్లి మరణం గణాంకాల దృష్టిలో అరుదైన సంఘటన. అందుకే మన ఎస్ఆర్ఎస్ (జనన మరణాల నమూనా నమోదు) సర్వే మూడేళ్ళ లెక్కలు కలిపితే గానీ ఒక రాష్ట్రానికి నమ్మదగిన రేటు చెప్పలేదు. మరణాల నమోదే సరిగ్గా లేని దేశాలకు అంచనాలే గతి. ఏ జిల్లాలో ఏం తక్కువైందో ఆ అంకె చెప్పదు. పునరుత్పత్తి ఆరోగ్యాన్ని మళ్ళీ చేర్చమని అడిగేవాళ్ళు ఐదేళ్ళు అడిగాక 2005 ఐక్యరాజ్య సమితి శిఖరాగ్ర సమావేశం ఒప్పుకుంది, 2007లో ఐదో లక్ష్యం కింద, ఆ సేవలు అందరికీ అందాలన్న ‘5బి’ చేరింది. దాని కింద నాలుగు కొలతలు: గర్భనిరోధక వాడకం, 15-19 ఏళ్ళ వారి కాన్పుల రేటు, గర్భిణి పరీక్షలు (కనీసం ఒకటి, కనీసం నాలుగు), తీరని అవసరం.

ఈ ‘తీరని అవసరం’ దగ్గర ఆగాలి. గర్భం వచ్చే అవకాశం ఉండి, రెండేళ్ళ దాకా బిడ్డ వద్దనో అసలే వద్దనో చెప్పి, ఏ పద్ధతీ వాడని స్త్రీ ఇందులోకి వస్తుంది. అనుకోకుండా గర్భం వచ్చిన ఆమె కూడా. ఇరవై రెండేళ్ళకే ట్యూబులు కట్టించుకున్న ఆమె రాదు, ఆమె అవసరం ‘తీరినట్టే’. ఆమెకు కాపర్-టి గురించి ఎవరైనా చెప్పారా అన్నది ఈ కొలతకు కనబడదు.

2015లో వచ్చిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోని 3.7.1 అనే కొలత కూడా ఇదే వరస. పద్ధతి వాడేవాళ్ళూ తీరని అవసరం ఉన్నవాళ్ళూ కలిపి హారం, ఆధునిక పద్ధతి వాడేవాళ్ళు లవం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు ఇది 90 శాతం పైనే తేలుతుంది. ఆ మార్కులు ఎలా వచ్చాయో చూడండి. పెళ్ళయిన స్త్రీలలో (15-49 ఏళ్ళు) ఆపరేషన్ అయినవాళ్ళు 69.6 శాతం, మిగతా ఆధునిక పద్ధతులన్నీ కలిపినా 2 శాతం దాటవు. తెలంగాణలో ఆపరేషన్లు 61.9, దేశం మొత్తంలో 37.9.

విచిత్రమేమిటంటే, కైరో మాట మీద 1996 ఏప్రిల్‌లో మన దేశం కింది సిబ్బందికి టార్గెట్లు ఎత్తేసింది. వాటి చోట ‘ఆశించిన సాధన స్థాయి’ అనే పేరొచ్చింది. పేరు మారింది, మార్చి హడావిడి మారలేదు. కేంద్రం నిబంధన ప్రకారం ఒక డాక్టరు రోజుకి 30 లాపరోస్కోపిక్ (పొట్టలోకి సన్నని గొట్టం పంపి చేసే) ఆపరేషన్లు మించి చేయకూడదు, దానికీ మూడు లాపరోస్కోపులు కావాలి. ఒక ఆపరేషన్ అయ్యాక పరికరం 20 నిమిషాలు క్రిమిసంహారక ద్రవమైన గ్లూటరాల్డిహైడ్‌లో నానాలి మరి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరంలో కొన్ని గంటల్లో 83 మందికి చేశారు, 13 మంది చనిపోయారు. మూడేళ్ళలో శిబిరాల పద్ధతి మానెయ్యమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి శిబిరం పెట్టారు, నలుగురు తల్లులు పోయారు.

కైరో సదస్సుకు మూడు నెలల ముందే, 1994 మే 30న, ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం అమల్లోకి వచ్చింది. ఏడాది గడువిచ్చి, ఆ తర్వాత ఇద్దరికి మించి కన్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదంది. సంతాన రేటు (ఒక స్త్రీ కనే పిల్లల సగటు) 1.7కి పడిపోయి, ముసలితనం భయం పట్టుకున్నాక 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఆపరేషన్ అయిపోయిన ఆమె వినాలంటే రీకెనలైజేషన్ (ట్యూబును మళ్ళీ కలిపే ఆపరేషన్) చేయించుకోవాలి. రింగు వేసినవాళ్ళకి ట్యూబు తక్కువ పాడవుతుంది కాబట్టి కొంత ఆశ. కోసి కట్టినవాళ్ళకి మిగిలిన ట్యూబు పొడవును బట్టి, నాలుగు సెంటీమీటర్లకు తగ్గితే గర్భం నిలిచే అవకాశం బాగా పడిపోతుంది.