ప్రార్థన చేయించుకున్నాక మాత్రలు ఆపెయ్యొచ్చా? అపోహలు, వాస్తవాలు

ఆసుపత్రి పరిచర్యలో ఉన్న ప్రతి పాస్టరుకూ తెలిసిన ప్రశ్న ఇది. స్వస్థత కూటాలు ముగిసిన వారంలో మరీ ఎక్కువగా వినిపిస్తుంది: "అయ్యగారూ, ప్రభువు ముట్టాడని స్టేజి మీదే చెప్పారండీ. ఇంకా మాత్రలు మింగితే అవిశ్వాసం కాదా?" ఇలా అడిగేవాళ్లను తిట్టకండి. అడగకుండా ఆపేసినవాళ్లు వార్డులో చేరాకే మనకు తెలుస్తారు. మిగతా అపోహల్లో చాలావరకు మనసును గాయపరుస్తాయి, ఇది మనిషినే తీసుకుపోతుంది. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: స్వస్థత నమ్మినవాడు మందు ఆపాలి. మందు వేసుకుంటే దేవుణ్ణి అనుమానించినట్టే.

రెండవ రాజులు 20వ అధ్యాయం తీయండి. హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, "నిన్ను బాగుచేస్తాను, మూడో రోజున మందిరానికి వెళ్తావు, ఇంకా 15 ఏళ్లు బతుకుతావు" అని మాట ఇచ్చాడు. ఆ తరవాతే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వరస చూడండి: ముందు వాగ్దానం, వెనక మందు. వాగ్దానం వచ్చింది కదా, ముద్ద ఎందుకని యెషయా అనలేదు. కడుపు జబ్బుతో బాధపడే తిమోతికి పౌలు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మని రాశాడు. (ఆ వచనాన్ని వేరే పనికి వాడుకునేవాళ్ల సంగతి ఇక్కడొద్దు.) పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు.

మందు ఆపమనేవాళ్లు చూపించే వచనాలు రెండున్నాయి. ఒకటి రాజైన ఆసా: పాదాల్లో జబ్బు వస్తే యెహోవాను వెదకక వైద్యులను వెదికాడని రెండవ దినవృత్తాంతములు 16:12. అదే అధ్యాయం పైనుంచి చదవండి. దేవుణ్ణి వదిలి సిరియా రాజును నమ్ముకున్నాడు, అది తప్పన్న దీర్ఘదర్శి హనానీని బందీగృహంలో వేయించాడు. నేరం దేవుణ్ణి వెదకకపోవడమే గానీ వైద్యుడి దగ్గరికి వెళ్లడం కాదు. రెండోది 12 ఏళ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు పోసిన స్త్రీ. ఆమెకు ఏం జరిగిందో మార్కు రాశాడు. ఇకమీదట ఎవరూ వైద్యుల దగ్గరికి వెళ్లొద్దని రాయలేదు.

మన ప్రాంతపు సంఘ చరిత్రే చాలు. 1883లో గుంటూరు వచ్చిన మిషనరీ డాక్టర్ ఆనా కూగ్లర్, 1898లో ప్రారంభమైన ఆమె ఆసుపత్రి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానటోరియం 1915 నాటిది. అప్పటికి టీబీకి మందే లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, ప్రార్థన, అంతే. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. ఒక తరం రోగులు మందు కోసం ప్రార్థించారు. వాళ్ల మనవలు ప్రార్థన పేరు చెప్పి అదే మందు పారేస్తున్నారు.

ఏ మందు ఆపితే ఏమవుతుంది

టీబీ: మామూలు టీబీకి మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరవాత నాలుగు నెలలు మూడు రకాలు, రోజూ. దగ్గు, జ్వరం కొన్ని వారాల్లోనే తగ్గుతాయి. సరిగ్గా అక్కడే "విడుదల వచ్చింది" అని ఆపేస్తారు. ఊపిరితిత్తుల్లో మిగిలిన క్రిములు తిరిగి లేస్తాయి, మందుకు లొంగకుండా మొండికేస్తాయి. అప్పుడు వైద్యం మరింత కష్టం, ఇంట్లో పిల్లలకు అంటేది కూడా ఆ మొండి టీబీయే.

టైప్ 1 షుగర్, అంటే ఎక్కువగా చిన్నతనంలో మొదలయ్యేది: ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. విపరీతమైన దాహం, వాంతులు, కడుపునొప్పి, ఎగఊపిరి, నోట్లో పండ్ల వాసన. దీన్ని దయ్యం పట్టిందనుకుని కూర్చోబెట్టి ప్రార్థించేవాళ్లున్నారు. 108కి ఫోన్ చేయండి, దారిలో ప్రార్థించండి.

ఫిట్స్: మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వెంటవెంటనే వచ్చి ఆగకపోవచ్చు. ఐదు నిమిషాలు దాటితే అత్యవసరమే. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, గట్టిగా పట్టి నొక్కొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు. ఫిట్స్ అంటే దయ్యమే అనేవాళ్లు మత్తయి 4:24 చూడాలి: దయ్యం పట్టినవాళ్లు వేరు, చాంద్రరోగులు (ఫిట్స్ వచ్చేవాళ్లు) వేరు, పక్షవాతం వాళ్లు వేరు అని విడివిడిగా రాసి ఉంది.

హెచ్ఐవీ: ఏఆర్‌టీ మాత్రలతో వైరస్ పరీక్షకు అందనంత తగ్గుతుంది. రిపోర్టులో "కనిపించలేదు" అని వస్తే పోయిందని కాదు, అణిగి ఉందని. ఆపితే సాధారణంగా కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది.

బీపీ మాత్ర ఆపితే ఏమీ తెలియదు, అదే ప్రమాదం. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అది పక్షవాతం కావచ్చు, గడియారం చూసుకోండి. మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనికొచ్చేది మొదలైన నాలుగున్నర గంటల్లోపే. తెల్లవార్లూ ఇంట్లో ప్రార్థన పెట్టుకుని పొద్దున్నే ఆసుపత్రికి తెస్తే ఆ ఇంజెక్షన్ ఇచ్చే సమయం దాటిపోతుంది. మానసిక జబ్బుల మాత్రలదీ అంతే, చెప్పకుండా ఆపితే తిరగబెడతాయి. ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే టెలి మానస్ 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం.

మరి నిజంగా స్వస్థత జరిగితే?

జరిగితే పరీక్షలో కనబడుతుంది. పదిమంది కుష్ఠరోగులతో ప్రభువు అన్న మాట: "మీరు వెళ్లి, మిమ్మును యాజకులకు కనుపరచుకొనుడి." ఆ యాజకుడు ఏం చేసేవాడో లేవీయకాండం 13, 14 అధ్యాయాల్లో ఉంది. అనుమానం ఉంటే ఏడు రోజులు విడిగా ఉంచి చూడాలి, మళ్లీ ఏడు రోజులు. బాగయ్యాడని తేలినవాడు కూడా పాళెంలోకి వచ్చాక ఏడు రోజులు తన గుడారం బయటే ఉండాలి, ఎనిమిదో రోజున అర్పణ. రెండు వారాలు చూడమన్న దేవుడు మనల్ని రెండు నిమిషాల్లో మాత్రలు చెత్తబుట్టలో వేయమంటాడా?

కాబట్టి పద్ధతి ఇది. మందు యథాప్రకారం వేసుకుంటూ ఉండండి. "బాగుందనిపిస్తోంది, పరీక్ష చేయండి" అని డాక్టరును అడగండి. షుగర్‌కు హెచ్‌బీఏ1సీ చేయించండి, అది రెండు మూడు నెలల సగటు చెబుతుంది. కూటం మర్నాడు గ్లూకోమీటర్‌లో వచ్చిన ఒక్క అంకె ఏమీ చెప్పదు. థైరాయిడ్ అయితే మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష. టీబీకి కళ్లె పరీక్ష. రిపోర్టు చూసి డాక్టరే తగ్గిస్తారు లేదా ఆపుతారు. సాక్ష్యం ఆ తరవాత చెప్పండి. సంఘ పెద్దలకు ఒక మాట: రిపోర్టు రాకముందు మైకు ఇవ్వకండి. మైకులో చెప్పినవాడు తరవాత పరువు కోసమైనా మాత్ర ముట్టడు. ఇంకొకరి జబ్బును వాళ్ల అనుమతి లేకుండా ప్రార్థన విన్నపాల్లో చదవకండి. హెచ్ఐవీ విషయంలో 2017 చట్టం ప్రకారం అది నేరుగా తప్పు.

అపోహ: ప్రార్థన నూనె తాగిస్తే త్వరగా పనిచేస్తుంది.

యాకోబు 5:14లో ఉన్నది నూనె రాయమని. తాగించమని ఎక్కడా లేదు. నుదుటి మీద ఒక్క చుక్క చాలు, మిగతాది ప్రార్థనే. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం సరిగా రాదు, నోట్లో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. ఆపరేషన్‌కు ముందు "నోటితో ఏమీ ఇవ్వొద్దు" అని రాస్తే ప్రార్థించిన నీళ్లూ అందులోకే వస్తాయి. మత్తులో కడుపులోది పైకి వస్తే ఊపిరే అడ్డుపడుతుంది. ఆక్సిజన్ మాస్కు ఉన్నవాళ్ల ముఖానికి నూనె రాయకండి, మంట అంటుకునే ప్రమాదం. కుట్లు, కాలిన గాయాలు, డయాలసిస్ ఫిస్టులా ఉన్న చెయ్యి కూడా ముట్టొద్దు. ఐసీయూలో ముందు సిస్టరును (నర్సును) అడగండి, చేతులు కడుక్కోండి, ఇద్దరికి మించి వెళ్లకండి, గొంతు తగ్గించండి. పక్క మంచం మీద ఉన్నవాళ్లూ రోగులే.

అపోహ: ఉపవాస ప్రార్థనలో దేవుడే కాపాడతాడు, షుగర్ ఉన్నా ఫర్వాలేదు.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో తీసుకుని భోజనం మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు వస్తే "ఆత్మ దిగింది" అనుకోకుండా గ్లూకోమీటర్ తీయండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరుతో మోతాదు మాట్లాడుకోవాలి. గర్భిణులు, డయాలసిస్ వాళ్లు పూర్తి ఉపవాసం జోలికి వెళ్లొద్దు. దానియేలు మూడు వారాలు మాంసం, ద్రాక్షారసం, రుచిగల తిండి మానుకున్నాడు, అదీ ఉపవాసమే.

ఇక మిగతావి

బాగు కాలేదంటే విశ్వాసం చాల్లేదంటారు. త్రోఫిము జబ్బుగా ఉంటే పౌలు అతన్ని మిలేతులో వదిలి వచ్చాడు. తనకున్న ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. పౌలు విశ్వాసం చాల్లేదని అనే ధైర్యం ఎవరికైనా ఉందా? బిడ్డకు బాగు కావాలని వచ్చి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న తండ్రిని ప్రభువు గెంటేయలేదు, బిడ్డను బాగుచేశాడు.

పాపం వల్లే జబ్బు అంటారు. పుట్టుగుడ్డివాడైనా, అతని తల్లిదండ్రులైనా పాపం చేయలేదన్న యోహాను 9:3 చదివి నోరు మూసుకోవడం మంచిది. సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది మిగతావాళ్లకన్నా ఎక్కువ పాపులు కారని ప్రభువు చెప్పిందీ చదవండి. ముఖ్యంగా బిడ్డ ఐసీయూలో ఉన్న తల్లి దగ్గర ఈ మాట ఎత్తకండి.

విత్తన కానుక ఇస్తేనే జవాబు వస్తుందంటారు. నయమాను తెచ్చిన కానుకను ఎలీషా ముట్టలేదు. వెనకాల పరుగెత్తి పుచ్చుకున్న అతని పనివాడు గేహజీకి నయమాను కుష్ఠు అంటుకుంది. షుగర్, క్యాన్సర్, ఫిట్స్ లాంటివి మహిమ వస్తువులతో నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం కూడా.

ఇప్పటికే ఆపేసి ఉంటే

భయపడకండి, దాచకండి. ఇన్సులిన్, ఫిట్స్ మాత్రలు ఆపినవాళ్లు ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి, రేపు కాదు. ఖాళీ స్ట్రిప్పులు, పాత చీటీలు తీసుకెళ్లండి, ఏ తేదీన ఆపారో చెప్పండి. మానేసిన మోతాదులన్నీ ఒకేసారి మింగొద్దు. టీబీ వాళ్లు ఆశా కార్యకర్తకో, పీహెచ్‌సీలోనో చెబితే మళ్లీ ఎలా మొదలుపెట్టాలో చూస్తారు. వైద్యం సాగినన్నాళ్లూ నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, ఆ వివరం కూడా అడగండి. డాక్టరు కోప్పడితే పడండి. మీ పాస్టరు ఏమంటాడోనని భయమైతే ఆయనకు ఇప్పుడే చెప్పక్కర్లేదు, సిస్టరుకు మాత్రం నిజం చెప్పండి.