కొండ దగ్గర సైకిలెందుకు ఓడిపోయింది?

నందూ, చిట్టీ,

మొన్న ఫోన్‌లో మీ కొట్లాటంతా విన్నాను. చదును రోడ్డు మీద నందు సైకిల్ చిట్టి పరుగును ఎక్కడో వెనక వదిలేసిందట. గుడిగుట్ట నిటారు దగ్గరికొచ్చేసరికి చిట్టే ముందు పోయిందట. "చక్రాలుండి కూడా ఎందుకు ఓడింది తాతా?" అని అడిగారు.

అవ్వ బియ్యం మూటను మిద్దె మీదికి చేర్చమందనుకోండి. గిన్నెలతో పదిసార్లు మోసినా, మూటంతా ఒకేసారి ఎత్తినా పైకి చేరేవి అవే గింజలు. కానీ మూట ఎత్తే బలం ఉండద్దూ? పరుగెత్తే చిట్టిది గిన్నెల పద్ధతి. వాలు పెరిగేకొద్దీ అడుగు చిన్నది చేసుకుంటుంది. గేర్లు లేని నందు సైకిల్‌కి ఆ వీలు లేదు. పెడల్ ఒక చుట్టు తిరిగితే కాలు కదిలేది ఒక మీటరు, సైకిల్ కదిలేది దాదాపు 5 మీటర్లు. చదునులో అదే వరం. 5 మీటర్లకు ఒక మీటరు లేచే వాలులో అదే మూట. నందు 40 కిలోలు, సైకిల్ 20 కిలోలు అనుకుందాం. ప్రతి చుట్టుకీ 60 కిలోలు మీటరెత్తు లేవాలి. వాడు పెడల్ మీద నిలబడ్డా పడే బరువు 40 కిలోలే! ఇక హ్యాండిల్ పట్టుకుని గుంజాల్సిందే. గేర్లుంటే మూట గిన్నెలవుతుంది, నిజమే. కానీ ఆ గిన్నెలు ఇత్తడి గిన్నెల్లా బరువైనవి, సైకిల్ సొంత బరువు ఎక్కడికీ పోదు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు మదనపల్లెలో సైకిల్ బాడుగకు తీసుకుని హార్స్‌లీ కొండకు బయలుదేరాను. ఏనుగు మల్లమ్మ కొండ అని దాని పాతపేరు, 1,200 మీటర్లకు పైనే ఎత్తు. మలుపులు మొదలైన కాసేపటికే చెయిన్ కిర్రుమంది, ముందు చక్రం అటూ ఇటూ ఊగింది. వెనక నుంచి "పక్కకు జరుగు నాయనా" అని వినిపించింది. నెత్తిన కట్టెల మోపుతో ఒకామె. జానెడు జానెడు అడుగులేస్తూ, ఎక్కడా ఆగకుండా నన్ను దాటిపోయింది. చెప్పుల్లేని ఆ మడమలు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి. దిగి సైకిల్ నెట్టుకుంటూ ఆమె వెంట నడిచాను. నందూ, వాలు దగ్గర దిగి నెట్టడంలో చిన్నతనమేమీ లేదు. బండిని, మోకాళ్లను కాపాడుకోవడం కూడా తెలివే.

పాలాయన మాత్రం క్యాన్లతోనే గుట్టెక్కుతాడు, గమనించారా? తిన్నగా పోడు. రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచుకు వంకరగా తొక్కుతాడు. దూరం పెరుగుతుంది, వాలు తగ్గుతుంది. ఘాట్ రోడ్డు మలుపులు తిరిగేదీ అందుకే.

ఈసారి వాన వెలిసిన పొద్దున గుట్ట దగ్గరికి పోండి. బురదలో ఆయన సైకిల్ జాడ వెతకండి. చదునులో రెండు చక్రాల గీతలు దాదాపు ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. నిటారు మొదలైన చోట అవి విడిపోయి, ఒకదాన్నొకటి దాటుతూ జడలా అల్లుకుంటాయి. ఎక్కడ మొదలైందో పుల్ల పాతి గుర్తు పెట్టి, నాకు చెప్పండి.

మీ తాత