తుపాకీ జోకు గురించి

చిన్నూ, బుజ్జీ,

మొన్న భోజనాల దగ్గర ఫోన్లో చదివి ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారే, "ఫ్రెంచి సైనికుడి తుపాకీ అమ్మబడును, ఒక్కసారీ పేల్చలేదు, ఒకే ఒక్కసారి కింద పడేశారు" అని, అది విని నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. తర్వాత బుజ్జి "ఫ్రెంచోళ్ళు అంత పిరికోళ్ళా తాతయ్యా?" అని అడిగితే పెరుగన్నం కలుపుకుంటూ "ఆఁ, ఏదోలే" అనేశాను. అది తప్పు జవాబు.

జోకుకి మూలం 1940. మే 10న జర్మనీ దాడి మొదలుపెట్టింది, జూన్ 22న ఫ్రాన్స్ యుద్ధం ఆపేస్తామని సంతకం పెట్టేసింది. ఆరు వారాలు, అంతే. 2003లో ఇరాక్ యుద్ధానికి మేం రామని ఫ్రాన్స్ అంటే అమెరికాలో కొందరికి ఒళ్ళు మండి ఈ పాత జోకులన్నీ మళ్ళీ బయటికి తీశారు, వాళ్ళ పార్లమెంటు క్యాంటీన్లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు కూడా మార్చేశారు. బంగాళాదుంప ఏం పాపం చేసిందో!

ఇప్పుడు ఇంకాస్త వెనక్కి, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914కి రండి. అప్పుడు ఫ్రెంచి సైన్యానికున్న జబ్బు పిరికితనం కాదు, దానికి పూర్తిగా ఎదురు. దూకుడుగా మీదపడితే గెలుపు మనదే అని పై అధికారులు నూరిపోశారు. పిల్లలు పాపం ఎర్ర ప్యాంట్లు వేసుకుని, తుపాకీ చివర కత్తి బిగించుకుని, పట్టపగలు మిషన్ గన్ల మీదికి పరిగెత్తారు. ఆగస్టు 22న ఒక్కరోజులో సుమారు 27,000 మంది పోయారు. ఆ అంకె ఇంకోసారి చదవండి. ఆ యుద్ధం ముగిసేసరికి నాలుగు కోట్ల జనాభా ఉన్న ఆ దేశంలో 13 లక్షలకు పైగా సైనికులు లేరు. ఈరోజుకీ అక్కడ దాదాపు ఏ పల్లెకి వెళ్ళినా పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంటుంది, చిన్న ఊళ్ళో ఒకే ఇంటిపేరు మూడు నాలుగుసార్లు కనిపిస్తుంది.

ఫ్రాన్స్‌లో వెర్డన్ అని ఒక ఊరు, జర్మన్లు దాని మీదికి వచ్చారు. 1916 ఫిబ్రవరి 21 నుంచి డిసెంబరు 18 దాకా అక్కడ ఫిరంగుల వాన. ఊరికి సామాన్లు వెళ్ళడానికి మిగిలింది ముఖ్యంగా ఒకే ఒక్క రోడ్డు, దాని మీద లారీలు పగలూ రాత్రీ వరసగా నడుస్తుంటే, పక్కనే నిలబడ్డ మనుషులు చక్రాల కింద రాళ్ళు పారలతో వేస్తూనే ఉండేవారు, బండి ఆగకూడదు కదా. పెటాన్ అనే జనరల్ ఒకే పటాలాన్ని చచ్చేదాకా అక్కడే ఉంచకుండా, బావిలోంచి నీళ్ళు తోడే చక్రానికి కట్టిన బకెట్లలాగా, కొందర్ని దింపి కొందర్ని బయటికి లాగేవాడు. అందుకే ఫ్రెంచి సైన్యంలో చాలా భాగం ఏదో ఒక వంతులో వెర్డన్ చూసొచ్చింది.

ఇక్కడే నాకు తమాషా అనిపించేది. 1940 జూన్ 17న రేడియోలో "పోరాటం ఆపాలి" అని చెప్పింది ఎవరనుకున్నారు? ఈ పెటానే, 84 ఏళ్ళ వయసులో! ఇప్పుడు ఈయన్ని ఏ గాటన కట్టాలి?

1917లో ఇంకో సంగతి జరిగింది. పనికిరాని దాడిలో వేలమంది పోయాక సగం పటాలాల దాకా సైనికులు మొండికేశారు. కందకాలు కాపాడతాం గానీ ఊరికే చావడానికి పైకి లేవం అన్నారు. నా లెక్కలో అదీ ధైర్యమే, మీ నాన్న మాత్రం ఒప్పుకోడు.

మరి 1940లో ఏమైంది? పారిపోయినవాళ్ళు లేరని చెప్పను. మే 13 సాయంత్రం సెడాన్ దగ్గర శత్రు ట్యాంకులు వచ్చేశాయని పుకారు పుట్టి ఒక డివిజన్‌లో, అంటే వేలమంది ఉండే పెద్ద దళంలో, చాలామంది పరుగు లంకించుకున్నారు. కానీ దగ్గర్లోనే స్టోన్ అనే పల్లె కొన్ని రోజుల్లోనే చాలాసార్లు చేతులు మారింది, ఎవరూ వదల్లేదు. లీల్ నగరంలో చుట్టుముట్టబడ్డ ఫ్రెంచివాళ్ళు నాలుగు రోజులు నిలబడి ఏడు జర్మన్ డివిజన్లను అక్కడే కట్టేశారు, డన్‌కర్క్ రేవు నుంచి ఓడలెక్కి ఇంగ్లండుకి తప్పించుకున్న సైనికులకి ఆ రోజులు కలిసొచ్చాయి. లొంగిపోయినప్పుడు జర్మన్లే వాళ్ళకి సైనిక గౌరవం ఇచ్చి పంపారు. ఆరు వారాల్లో అరవై వేల మంది దాకా చనిపోయారు, పిరికివాళ్ళు అంతమంది ఎలా చస్తారు చెప్పండి? తప్పు పైన జరిగింది. జర్మన్ ట్యాంకులు అడవి కొండల దారిన రావనుకున్నారు, వచ్చాయి. అన్నిటికంటే నాకు కడుపు మండేది, సర్వసేనాని గామెలాన్ ముఖ్య కార్యాలయంలో రేడియోనే లేదు, కబురంటే టెలిఫోను, లేదా మోటారు సైకిలు మీద మనిషి.

అసలు మన వైపు ఫ్రెంచివాడి పేరు దీనికి తలకిందులు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులతో వచ్చిన బుస్సీ అంటే మన కథల్లో భయమే గానీ నవ్వు లేదు. హైదరాబాదులో మూసారాంబాగ్ పేరు కూడా ఒక ఫ్రెంచి సైనికుడిదే, నిజాం సైన్యంలో పెద్ద దళం నడిపిన రేమండ్‌ని జనం మూసా రాం అని పిలుచుకునేవారు. ఆయన 1798 మార్చిలో పోయాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఆ దళం ఆయుధాలన్నీ లాక్కున్నారు, యుద్ధమే జరగలేదు. కారణం ఏమిటంటే, జీతాల గొడవలో మన సిపాయీలే తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి ఉన్నారు అప్పటికి.

ఆయన సమాధి మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఉంది. దసరా సెలవులకి వస్తే ఎండ తగ్గాక తీసుకెళ్తాను, నీళ్ళ సీసాలు మాత్రం మీరే మోయాలి.

మీ తాతయ్య