బౌండింగ్‌బాక్స్‌లో చివరి రెండంకెలూ సైజు కాదు బాబూ

పెళ్లిళ్ల సీజన్ వస్తే పర్లాకిమిడిలోని మా ప్రెస్సుకి పాతపట్నం వైపు నుంచి తెలుగు కార్డులు, ఇటు నుంచి ఒడియా కార్డులు వస్తాయి. భాష ఏదైనా తప్పు మాత్రం ఒకటే.

అపోహ: ప్రింటుకిచ్చే ఈపీఎస్ బొమ్మ ఫైల్లో హద్దులు చెప్పే నాలుగంకెల లైను, అంటే బౌండింగ్‌బాక్స్ చివరి రెండంకెలే వెడల్పు, ఎత్తు.

వాస్తవం: కానే కాదు. మొదటి రెండూ బొమ్మ ఎడమ కింది మూల, చివరి రెండూ కుడి పై మూల. మూడోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వెడల్పు, నాలుగోదాంట్లోంచి రెండోది తీసేస్తే ఎత్తు. వచ్చేవి పాయింట్లు, 72తో భాగిస్తే అంగుళాలు. బొమ్మ 0 0 దగ్గర మొదలైతే తప్పు లెక్కకీ సరైన జవాబే వస్తుంది. అందుకే ఈ అపోహ చావదు.

ఒక కుర్రాడు పెళ్లికార్డుని ఏ4 పేజీ మధ్యలో గీసి ఈపీఎస్ చేశాడు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే 46 241 550 601 అని ఉంది. 550నీ 601నీ 72తో భాగించి, కార్డు 7.64 బై 8.35 అంగుళాలని షీట్లు కోయించేశాడు. అసలు లెక్క 504, 360 పాయింట్లు, అంటే 7 బై 5. 20 బై 30 షీటుకి 16 రావలసిన చోట 6 ముక్కలు వచ్చాయి. "అన్నా, పెళ్లికూతురి నాన్నకి ఏం చెప్పను?" అంటూ మెట్ల మీదే కూలబడ్డాడు. పాపం, తిట్టబుద్ధి కాలేదు. ఉన్న ముక్కల మీద కార్డులు వేసి, పక్కన మిగిలిన పట్టీలని విజిటింగ్ కార్డులకి వాడాం. తక్కువపడ్డ షీట్ల డబ్బు మాత్రం వాడి జేబులోంచే పోయింది.

అపోహ: ఫొటో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చేశాం, ఇంక ఢోకా లేదు.

వాస్తవం: పీడీఎఫ్‌లో ఫొటోకి సొంత సైజంటూ ఉండదు. దాన్ని 1 బై 1 గడిలో పరిచి, ముందున్న మ్యాట్రిక్స్ (సైజు, చోటు చెప్పే అంకెల వరుస) ఎంత సాగదీస్తే అంత. 600 పిక్సెళ్ల వెడల్పుని 432 పాయింట్లకి, అంటే 6 అంగుళాలకి లాగితే మిగిలేది 100 డీపీఐ. ఫొటోషాప్‌లో మీరు ఏం రాసుకున్నా అంతే.

బౌండింగ్‌బాక్స్ దగ్గర అంకెల బదులు అట్‌ఎండ్ అని కనిపిస్తే వైరస్ పట్టిందని ఎవరో పుట్టించారు. రాత్రి పదకొండింటికి కూడా ఫోన్లు! టెన్షన్ పడకండి, ఆ అంకెలు ఫైలు చివర్లో ఉంటాయి. దశాంశాలు కావాలంటే హైరెజ్ బౌండింగ్‌బాక్స్ లైను చూడండి. టెక్ (TeX) అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఒక్క మాట: మీ పాయింటు అంగుళానికి 72.27, ఇక్కడిది 72.