ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే బోర్డు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"బోర్డు పోయిందట సార్, కొత్తది వెయ్యాలట." నా బెంచి మీదికి వచ్చే డెడ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటి వెంట ఈ మాట కూడా వస్తుంది. చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మొత్తం మార్చకుండా పాడైన చిన్న భాగాన్నే మార్చే పని, చేసేవాడిగా ముందు ఈ మాట సంగతే చూస్తాను.

అపోహ: బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదంటే మదర్‌బోర్డు చచ్చిపోయినట్టే.

బటన్ నొక్కకముందే బోర్డులో చాలా పని జరిగిపోయి ఉండాలి. అడాప్టర్ నుంచి వచ్చే కరెంటు (చాలావాటిలో 19 వోల్టులు) మోస్‌ఫెట్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు దాటుకుని మెయిన్ లైనులోకి చేరాలి. ఆ లైను నుంచి 3.3, 5 వోల్టుల స్టాండ్‌బై సప్లైలు తయారవ్వాలి. అప్పుడే ఈసీ అనే చిన్న కంట్రోలర్ మేలుకుని మీ వేలి కోసం ఎదురుచూస్తుంది. మీరు నొక్కాక అది చిప్‌సెట్‌కి కబురు పంపుతుంది. ఆ తర్వాత ర్యామ్‌కి, చివర్లో ప్రాసెసర్‌కి కరెంటు అందుతుంది. ఈ గొలుసు ఎక్కడ తెగినా మీకు కనిపించేది ఒకటే: నల్లటి స్క్రీన్.

అందుకే నేను మొదట స్క్రూడ్రైవర్ కాదు, డీసీ పవర్ సప్లై అందుకుంటాను. వోల్టేజీ, కరెంటు మనకి కావలసినంతే ఇచ్చే పరికరం అది. 19 వోల్టులు పెట్టి, కరెంటుకి లిమిట్ పెట్టి, ఎంత లాగుతోందో చూస్తాను. అసలేమీ లాగకపోతే జాక్, ఫ్యూజ్, మొదటి మోస్‌ఫెట్లు చూడాలి. 0.02 ఆంపియర్ల దగ్గర నిలిచిందంటే స్టాండ్‌బై వచ్చినట్టే, ఇక బటన్, ఈసీ వైపు వెతకాలి. ప్లగ్ పెట్టగానే కరెంటు లిమిట్‌కి వెళ్లి వోల్టేజీ పడిపోతే మెయిన్ లైను షార్టయినట్టు.

మొన్న వర్షాకాలంలో ఒక ఇంజినీరింగ్ అమ్మాయి ల్యాప్‌టాప్‌ని వాళ్ల నాన్న తెచ్చారు. లోపల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఉంది. అప్పటికే ఒకచోట బోర్డు మార్చాలన్నారు. ఆయన కుర్చీ వేసినా కూర్చోలేదు. సప్లై పెట్టగానే వోల్టేజీ పడిపోయింది. మెయిన్ లైనుకీ గ్రౌండుకీ మధ్య కిలో ఓమ్‌లలో ఉండాల్సిన రెసిస్టెన్స్ ఒక ఓమ్ కూడా లేదు. ఆ లైనులోకి 1 వోల్టు మాత్రమే ఎక్కించి, బోర్డు మీద ఐపీఏ (త్వరగా ఆరిపోయే క్లీనింగ్ ఆల్కహాల్) పూశాను. చార్జింగ్ ఐసీ పక్కన ఒక్కచోట అది చటుక్కున ఆరిపోయింది. అక్కడ నువ్వుగింజంత సిరామిక్ కెపాసిటర్ కాలిపోతోంది. తీసేశాను, షార్ట్ పోయింది. అదే విలువది ఇంకొకటి వేశాక ల్యాప్‌టాప్ ఆన్ అయింది. ఆయన అప్పుడు కూర్చున్నారు.

1 వోల్టే ఎందుకంటే, మెయిన్ లైనుకీ ప్రాసెసర్ సప్లైకీ మధ్య ఉండే మోస్‌ఫెట్ లోపల షార్టయి ఉంటే మనం ఎక్కించిన వోల్టేజీ నేరుగా ప్రాసెసర్‌కి చేరుతుంది. తొందరపడి 19 ఎక్కించి ప్రాసెసర్‌ని చంపేసిన బోర్డులు నా దగ్గరికి వచ్చాయి. అవి చూస్తే బాధేస్తుంది.

అపోహ: మీటర్ బీప్ అన్న ప్రతిచోటా షార్టే.

ఈ పని కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి ఇది ముఖ్యం. ప్రాసెసర్‌కి కరెంటు అందించే కాయిల్ దగ్గర రెసిస్టెన్స్ కొన్ని ఓమ్‌లే ఉంటుంది, ఒక్కోసారి ఒక ఓమ్ కంటే తక్కువ. మంచి బోర్డులో కూడా అక్కడ మీటర్ బీప్ అంటుంది. బీప్ వదిలేసి ఓమ్‌లలో కొలవండి. బోర్డు మీద ఉన్న నంబరుతో స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ పటం) వెతుక్కోండి. ఆ నంబరు కాంపాల్ కంపెనీ బోర్డుల మీద 'ఎల్ఏ' అనీ, క్వాంటా వాటి మీద 'డీఏ0' అనీ మొదలవుతుంది.

అపోహ: హీట్ గన్‌తో వేడి చేస్తే బాగవుతుంది.

ఇప్పటి లెడ్-ఫ్రీ సోల్డర్ సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ అంత వేడి ఇవ్వదు. ఓవెన్‌లో పెడితే ప్లాస్టిక్ కనెక్టర్లు పాడవుతాయి. వేడి చేశాక కొన్నాళ్లు పనిచేసినవి ఉన్నాయి, నిజమే. కానీ చాలాసార్లు లోపం బోర్డు సోల్డర్‌లో కాదు, చిప్ లోపలి అతుకుల్లో ఉంటుంది. 2008 జులైలో ఎన్విడియా తన ల్యాప్‌టాప్ చిప్‌లలోని ఇలాంటి లోపం కోసమే 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. ఆ చిప్‌కి మందు వేడి కాదు, మార్చడమే.

అపోహ: టీ ఒలికితే బియ్యంలో పెట్టాలి.

బియ్యం టీలోని చక్కెరనీ పాలనీ లాగలేదు. బ్యాటరీ ఉన్నంతసేపూ లోపల కరెంటు ఉంటుంది, తడి మీద కరెంటు పారితే అది లోహాన్ని తినేస్తుంది. ఒలికిన వెంటనే చార్జర్ తీసేయండి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి, వీలైతే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయించండి. "ఆన్ అవుతుందేమో" అని మాత్రం చూడొద్దు. టెన్షన్‌లో అందరూ చేసేది అదే, ఎక్కువ నష్టం జరిగేదీ అక్కడే.

అపోహ: ఫ్యాన్ తిరిగి డిస్‌ప్లే రాకపోతే నెట్‌లో దొరికిన బయోస్ ఫైల్ (ల్యాప్‌టాప్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) ఎక్కిస్తే సరి.

ముందు ర్యామ్ తీసి పెట్టి చూడాలి. బయోస్ చిప్ ముట్టుకునే ముందు అందులోని పాత ఫైల్‌ని కాపీ చేసుకోవాలి. సీరియల్ నంబరు, చాలావాటిలో విండోస్ కీ కూడా అందులోనే ఉంటాయి.

అపోహ: చిప్ లెవెల్‌లో అన్నీ బాగవుతాయి.

కావు. ప్రాసెసరే లోపల షార్టయినా, బోర్డు లోపలి పొరలు కాలిపోయినా కొత్త బోర్డే మేలని నేనే చెబుతాను. ఎస్‌ఎస్‌డీ విడిగా ఉంటే దాన్ని తీసి వేరే దాంట్లో పెట్టుకోవచ్చు. కొన్ని మోడళ్లలో, ముఖ్యంగా చాలా కొత్త మ్యాక్‌బుక్‌లలో, స్టోరేజీ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. అలాంటిది మార్చేస్తే ఫొటోలు కూడా దానితోనే పోతాయి. మీకు కావలసింది ల్యాప్‌టాపా, అందులోని డేటానా అన్నది రిపేర్‌కి ఇచ్చేటప్పుడే చెప్పండి.