ఎక్కువ పన్ను కడతామన్న సోమాలీలు: కెన్యా గుర్తింపు కార్డుల గొడవ ఎక్కడ మొదలైంది?

కెన్యాలో సోమాలీల గుర్తింపు కార్డుల గొడవ మళ్లీ రాజుకుంది. 2025 ఫిబ్రవరిలో ప్రెసిడెంట్ విలియం రూటో ఈశాన్య కెన్యాలోని వజీర్‌లో ఒక ప్రకటన మీద సంతకం చేశారు. సరిహద్దు కౌంటీల్లో 18 ఏళ్లు నిండినవాళ్లు కార్డు కోసం వస్తే జరిపే ప్రత్యేక విచారణ, అక్కడందరూ 'వెట్టింగ్' అనేది, ఇక ఉండదన్నారు. పొరుగున ఉన్న సోమాలియా నుంచి వచ్చినవాళ్లంతా ఓటర్లైపోతారని వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. 2027 ఆగస్టులో అక్కడ సాధారణ ఎన్నికలున్నాయి కాబట్టి ఈ వాదన ఇప్పట్లో చల్లారేలా లేదు.

గొడవ కార్డు గురించే అయినా దాని అడుగున పాత ప్రశ్న ఒకటుంది. సోమాలీలు అసలు ఎవరు? ఆఫ్రికా మట్టిలో పుట్టినవాళ్లా, అరేబియా నుంచి ఓడ దిగినవాళ్లా? ఆఫ్రికా కొమ్ము అని పిలిచే తూర్పు మూల ప్రాంతపు ప్రాచీన చరిత్రతో మొదలుపెడితే ఈ కథనం ఎప్పటికీ 2025కి చేరదు. అందుకే నేరుగా 1936కి వెళ్దాం. ఈ ప్రశ్నకు సర్కారీ ఫైలు తెరుచుకుని, ఇప్పటికీ మూతపడకుండా ఉన్నది అప్పటి నుంచే అని నా అభిప్రాయం.

అప్పటి బ్రిటిష్ కెన్యాలో మనిషి బతుకంతా ఒక్క మాట మీద ఆధారపడి ఉండేది. నువ్వు 'నేటివ్'వా, కాదా? నేటివ్ అయిన మగవాడు 'కిపాండె' అనే రిజిస్ట్రేషన్ కాగితం మోయాలి. వేలిముద్రలు, ఎవరి దగ్గర పనిచేస్తున్నాడు, ఎంత జీతం, ఎప్పుడు పని మానేశాడు అన్నీ అందులో రాసి ఉండేవి. ఆ కాగితాన్ని చిన్న రేకు డబ్బాలో పెట్టి మెడలో తాడుతో వేలాడదీసుకునేవారు. అది లేకుండా దొరికితే జరిమానా, లేదంటే జైలు. నేటివ్ కాకపోతే ఆ డబ్బా బాధ లేదు. ఎక్కడ ఉండాలి, ఆసుపత్రిలో ఏ వార్డు, జైల్లో ఏ తిండి, ఇవన్నీ ఆ మాటను బట్టే మారిపోయేవి. యూరోపియన్లు పై మెట్టు మీద, భారతీయులు ఎక్కువగా ఉన్న ఏషియన్లు మధ్య మెట్టు మీద, ఆఫ్రికన్లు అడుగున.

ఈ మెట్ల మధ్య ఎటూ కాకుండా ఇరుక్కున్నవాళ్లు సోమాలీల్లో ఒక పెద్ద తెగ అయిన ఇసాక్ సోమాలీలు. బ్రిటిష్ సోమాలీలాండ్ నుంచి, ఏడెన్ రేవు మీదుగా వచ్చినవాళ్లు. దొరల దండయాత్రల్లో సిపాయిలుగా, తర్వాత పశువుల వ్యాపారులుగా కెన్యాలో స్థిరపడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సిపాయిలు కొందరు ఇసియోలో పట్టణంలో ఇళ్లు కట్టుకున్నారు. 1919లో వచ్చిన సోమాలీ మినహాయింపు చట్టం వీళ్లలాంటి పట్టణవాసులను 'నేటివ్' నిర్వచనం నుంచి తప్పించే వీలు కల్పించింది. ఏషియన్ హోదా మాత్రం ఇవ్వలేదు. నేటివ్ కాదన్నారు, మరి ఎవరో చెప్పలేదు.

1936లో నేటివేతరుల తలపన్ను చట్టం వచ్చింది. అందులో భారతీయులకు ఒక రేటు, సోమాలీలకు అంతకన్నా తక్కువ రేటు పెట్టారు. మామూలుగా అయితే పన్ను తగ్గిందని సంతోషించాలి. ఇసాక్‌లు ఎదురుతిరిగారు. తక్కువ పన్ను మాకొద్దు, ఏషియన్లతో సమానంగా ఎక్కువే కడతామని మొరాయించారు. లండన్ దాకా అర్జీలు పంపారు. కెన్యాలో మొదలైన ఈ ఆందోళనకు కెన్యా బయట స్థిరపడిన ఇసాక్‌లు కూడా తోడయ్యారు. 1941 నాటికి ఉద్యమం చల్లబడింది. కోరిన హోదా దక్కలేదు.

ఆ అర్జీల్లో వాళ్లు చూపిన ఆధారం వంశావళి. సోమాలీ పిల్లలు చిన్నప్పుడే తండ్రి, తాత, ముత్తాత అంటూ తరాల పేర్లు కంఠతా పడతారు. దాన్ని 'అబ్తిర్సి' అంటారు. ఇసాక్‌ల అబ్తిర్సి షేక్ ఇసాక్ దగ్గర ఆగుతుంది. ఆయన అరేబియా నుంచి వచ్చి సోమాలీ తీరంలోని మైధ్‌లో స్థిరపడ్డాడనీ, ప్రవక్త వంశీకుడనీ నమ్మకం. మైధ్‌లో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. మరో పెద్ద తెగ దారోద్‌లు కూడా తమ మూలపురుషుడు అరేబియా నుంచే వచ్చాడంటారు. కాబట్టి మేము ఆసియా వాళ్లమే అన్నది అర్జీదారుల తర్కం.

ఇది చరిత్రగా ఎంతవరకు నిలుస్తుంది? వలస పాలకులకు ఈ కథ బాగా నచ్చింది. ఆఫ్రికాలో నాగరికత అనదగ్గది ఏది కనిపించినా అది బయటి నుంచే వచ్చి ఉంటుందని నమ్మే కాలం అది. అందుకే సోమాలీలు ఉత్తరాన ఎర్ర సముద్రం వైపు నుంచి దిగి, దారిలో ఒరోమో, బంటూ జాతులవాళ్లను నెట్టుకుంటూ దక్షిణానికి వచ్చారని చాలాకాలం రాసుకున్నారు. 1966లో హెర్బర్ట్ లూయిస్ అనే మానవశాస్త్రవేత్త భాషా సాక్ష్యాలు ముందు పెట్టి ఈ కథను తలకిందులు చేశాడు. సోమాలీల పుట్టిల్లు దక్షిణ ఇథియోపియా, ఉత్తర కెన్యా వైపే ఉండాలనీ, విస్తరణ అక్కడి నుంచి ఉత్తరానికి సాగి ఉండాలనీ వాదించాడు.

భాషలు చూస్తే ఇది తెలుస్తుంది. సోమాలీ కుషిటిక్ భాష, అంటే తూర్పు ఆఫ్రికాలోని ఒక భాషా శాఖకు చెందినది. అరబిక్ నుంచి మాటలెన్నో తీసుకుంది గానీ దాని ఎముకల గూడు వేరు. దానికి చాలా దగ్గరి చుట్టాల్లో ఒకటి రెండిల్లె. ఆ భాష మాట్లాడేవాళ్లు కెన్యాలోనే మార్సాబిట్ ప్రాంతంలో ఒంటెలు మేపుకునే జనం. చాలామంది ముస్లింలు కూడా కారు. లాము వైపు అడవుల్లో వేట మీద బతికిన బోనిల భాషా ఇదే కుటుంబం. ఒక భాషకు అతి దగ్గరి బంధువులన్నీ ఒక చోట గుంపుగా ఉంటే దాని మూలం కూడా ఆ చుట్టుపక్కలే వెతకాలన్నది భాషా చరిత్రకారులు సాధారణంగా పాటించే లెక్క. 2005లో డెన్మార్క్‌లోని 201 మంది సోమాలీ మగవాళ్లలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌లు పరీక్షించినప్పుడు ముప్పావు వంతు కంటే ఎక్కువ మందిది తూర్పు ఆఫ్రికాలో బాగా కనిపించే వంశశాఖ అని తేలింది.

అరేబియాతో సంబంధం లేదని కాదు. 1331లో మొగదిషుకు వెళ్లిన యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడి సుల్తాను బెర్బెరా వైపు మూలాలవాడనీ, తన సొంత భాష మాట్లాడతాడనీ, అరబిక్ కూడా తెలుసనీ రాశాడు. రేవు పట్టణాల్లో అరబ్బు వర్తకులు, మతబోధకులు స్థిరపడ్డారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. ఇస్లాం వచ్చాక గౌరవం ఇచ్చే పూర్వీకుడిని వంశవృక్షం మొదట్లో నిలుపుకోవడం ఒక్క సోమాలీలే చేసిన పని కాదు. షేక్ ఇసాక్ కథ వాళ్ల విశ్వాసాన్ని, సముద్రం అవతలి బంధాన్ని చెబుతుంది. ఒక జాతి మొత్తం ఓడెక్కి వచ్చిందని మాత్రం చెప్పదు.

1936 నాటి అర్జీదారులను ఇప్పుడు తప్పుపట్టడం తేలిక. తోటి ఆఫ్రికన్లను కాలదన్నుకుని పై మెట్టు ఎక్కబోయారన్న విమర్శ కెన్యాలో ఎప్పటి నుంచో ఉంది. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోలేను. మెట్లు కట్టింది వాళ్లు కాదు. మెడలో రేకు డబ్బా వేలాడే బతుకు నుంచి తప్పించుకోవడానికి చట్టం ఒకే ఒక్క తలుపు తెరిచి ఉంచితే, ఆ తలుపే తట్టారు. అయితే దానికో మూల్యం పడింది. నేటివ్‌కు కనీసం ఆఫ్రికన్లకు కేటాయించిన రిజర్వు ప్రాంతంలో భూమి మీద హక్కు అనేది కాగితం మీదైనా ఉంది. నేటివ్ కాదన్నవాడికి అదీ లేదు. ఇసియోలో ఇళ్లు వాళ్లవే, కింద నేల వాళ్లది కాదు. 'మేము ఇక్కడివాళ్లం కాము' అని సొంత సంతకాలతో ఇచ్చిన కాగితాలు మాత్రం ప్రభుత్వం దగ్గర ఉండిపోయాయి.

ఇక్కడ ఒక అన్యాయం ఉంది. ఆ అర్జీలు పెట్టింది పట్టణాల్లోని చిన్న సమూహం. నేడు కార్డుల కోసం తిరుగుతున్నవాళ్లలో ఎక్కువమంది గరిస్సా, వజీర్, మండేరా కౌంటీల్లోని ఒగాదేన్, దెగోదియా, అజురాన్, గర్రె తెగలవాళ్లు. వీళ్ల తాతలకు ఆ మినహాయింపు అందనే లేదు. ఉత్తర సరిహద్దు జిల్లాగా పిలిచిన ఆ ప్రాంతం పాసు లేకుండా అడుగు పెట్టలేని మూసిన జిల్లా. పట్టణంలో కొందరు అడిగిన 'పరాయి' ముద్ర, అడగని లక్షల మందికి అంటుకుంది.

అది బలంగా అంటుకున్నది స్వాతంత్ర్యం వేళ. 1962లో బ్రిటిష్ వారు వేసిన కమిషన్ ఉత్తర సరిహద్దు జిల్లా జనంలో ఎక్కువమంది సోమాలియాతో కలవాలనుకుంటున్నారని చెప్పింది. అయినా 1963లో ఆ ప్రాంతాన్ని కెన్యాలోనే ఉంచారు. సోమాలియా బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెంచుకుంది. విడిపోవాలన్న సోమాలీ తిరుగుబాటుదారులకూ కెన్యా ప్రభుత్వానికీ మధ్య 'షిఫ్టా' యుద్ధం 1967 దాకా నడిచింది. యుద్ధం ఆగినా అత్యవసర చట్టాలు 1991 వరకు ఎత్తలేదు. 1984 ఫిబ్రవరిలో వజీర్ దగ్గర వగల్లా ఎయిర్‌స్ట్రిప్‌కు భద్రతా దళాలు దెగోదియా మగవాళ్లను తోలుకెళ్లి ఎండలో రోజుల తరబడి ఉంచి చంపేశాయి. ప్రభుత్వం మొదట 57 మంది అంది. స్థానికులు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ మగవాళ్లను ఎంచింది వాళ్ల తెగను బట్టే.

తర్వాత 1989 నవంబరు వచ్చింది. 18 ఏళ్లు దాటిన సోమాలీ జాతివాళ్లందరూ స్క్రీనింగ్‌కు రావాలని ఆదేశం. కెన్యాలో ఇంకే జాతికీ ఇలాంటిది లేదు. తెగ పెద్దలు, అధికారులు కూర్చుని నీ తెగ ఏది, ఉపతెగ ఏది, తండ్రి ఎవరు, తాత ఎవరు అని అడిగేవారు. గట్టెక్కినవాళ్లకు గులాబీ రంగు కార్డు ఇచ్చారు. మామూలు గుర్తింపు కార్డుతో పాటు దాన్నీ దగ్గర పెట్టుకోవాలి. ఒకప్పుడు లండన్‌కు పంపిన అర్జీల్లో ఆఫ్రికా వాళ్లం కాదని నిరూపించుకోవడానికి వాడిన అదే అబ్తిర్సిని, అర్ధ శతాబ్దం తర్వాత నైరోబీ అధికారుల ముందు కెన్యా వాళ్లమేనని నిరూపించుకోవడానికి అప్పజెప్పాల్సి వచ్చింది.

సరిహద్దు అవతల కూడా ఈ మూలాల కథ ఖాళీగా లేదు. సోమాలియా 1974లో అరబ్ లీగ్‌లో చేరింది. 2000లో జిబూటీలోని ఆర్తాలో జరిగిన శాంతి సదస్సు నాలుగున్నర సూత్రాన్ని ఖాయం చేసింది. పార్లమెంటు సీట్లలో నాలుగు పెద్ద తెగలకు తలా ఒక వంతు, మిగతా అందరికీ కలిపి అర. తర్వాత ఏర్పడ్డ 275 సీట్ల దిగువ సభలో పెద్ద తెగలకు 61 చొప్పున, మిగిలినవాళ్లందరికీ 31. ఆ అరలో ఉన్న బంటూ సోమాలీల పూర్వీకుల్లో చాలామంది 19వ శతాబ్దంలో బానిసలుగా తెచ్చినవాళ్లు. గొప్ప వంశావళి చెప్పుకోలేనివాళ్లను అక్కడా పక్కకే నెట్టారు. కెన్యాలో తమకు జరిగినదాన్ని అన్యాయమనే సోమాలీ మేధావులు దీని గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలని నేను కోరుకుంటాను.

వెట్టింగ్ కావాలనేవాళ్ల వాదన భద్రత. 2013లో నైరోబీ వెస్ట్‌గేట్ మాల్ మీద దాడి జరిగింది. 2015లో గరిస్సా యూనివర్సిటీలో 148 మందిని సోమాలియాకు చెందిన సాయుధ ముఠా అల్ షబాబ్ చంపింది. సరిహద్దు పొడవైనది, కాపలా పలచన. లంచమిస్తే కార్డు దొరుకుతుందన్న ఆరోపణ కూడా ఉంది. ఇవి భయాలే తప్ప కట్టుకథలు కావు. గరిస్సాలో పుట్టి పెరిగిన కుర్రాడిని తాతగారి కాగితాలు తెమ్మంటే ఆ భయం తగ్గుతుందా అన్నదే ప్రశ్న. లంచం ఇచ్చేవాడికి వెట్టింగ్ కమిటీ అడ్డం రాలేదు. ఇవ్వలేనివాడికే వచ్చింది. మన దగ్గర నేటివిటీ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగినవాళ్లకు ఆ క్యూ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ కార్డు లేకపోతే సిమ్ రాదు. సిమ్ లేకపోతే ఫోన్‌లో డబ్బు పంపుకునే ఎంపెసా లేదు, అంటే చేతిలో డబ్బు తిరగదు. కాలేజీ లోను లేదు, ఓటు లేదు. రోడ్డు మీద పోలీసు ఆపితే చూపడానికి ఏమీ లేదు. 2014లో నైరోబీలో సోమాలీలు ఎక్కువగా ఉండే ఈస్ట్‌లీ నుంచి వేలమందిని పట్టుకెళ్లి కసరాని స్టేడియంలో నిర్బంధించారు. వాళ్లలో కెన్యా పౌరులూ ఉన్నారు.

2019 జనగణన ప్రకారం కెన్యాలో సోమాలీలు 27 లక్షలకు పైగా. 2017లో కెన్యా ప్రభుత్వం అక్కడి ఏషియన్లను, అంటే ప్రధానంగా భారతీయ మూలాలవాళ్లను, దేశంలో 44వ తెగగా అధికారికంగా గుర్తించింది. ఆఫ్రికా మూలం లేదని తామే చెప్పుకునే సమూహానికి ఒక్క గెజెట్ నోటిఫికేషన్‌తో దక్కిన స్థానం అది. అక్కడే పుట్టిన భాషాకుటుంబానికి చెందిన సోమాలీ యువకుడు మాత్రం 2025 దాకా కమిటీ ముందు నిలబడాల్సి వచ్చింది.

వజీర్ ప్రకటనతో ఆ కమిటీలు పోయాయని ప్రభుత్వం అంటోంది. కానీ అది అధ్యక్షుడి సంతకం. మరో అధ్యక్షుడు మరో సంతకంతో వెనక్కి తీసుకోవచ్చు. అదనపు సాక్ష్యాలు అడిగే అధికారం అధికారులకు ఇచ్చిన రిజిస్ట్రేషన్ చట్టాన్ని పార్లమెంటు సవరించాలి. కరువు రోజుల్లో తిండి కోసం దదాబ్ శిబిరంలో శరణార్థులుగా వేలిముద్రలు వేసి, ఇప్పుడు పౌరులుగా కార్డు దొరకని కెన్యా సోమాలీల పేర్లు ఆ జాబితా నుంచి తీసేసే పని కూడా పూర్తి కావాలి. ఎన్నికల లోపు ఈ రెండింటిలో ఏది కదులుతుందన్నదే ఇప్పుడు చూడాల్సిన విషయం.