మెకానిక్ ముందు తిరిగే ఫ్యాన్ రోడ్డు మీద ఎందుకు ఆగుతుంది?

చిన్నా,

నీ ఉత్తరం అందింది. "తాతయ్యా, సిగ్నల్ దగ్గర ఆగితే మన కారు వేడెక్కిపోయింది, ఫ్యాన్ తిరగలేదు. మెకానిక్ బానెట్ ఎత్తేసరికి బాగానే తిరిగింది. కారు నాటకాలాడుతోందా?" అని అడిగావు. చాలా మంచి ప్రశ్న. చెల్లికి కూడా ఈ జవాబు చదివి వినిపించు.

కారు పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని, అంటే ఇంజన్ వేడి నీళ్ళు చల్లారే జాలీని, చల్లబరుస్తుంది. ఆగితే ఆ గాలి ఉండదు కాబట్టి ఫ్యాన్ తిరగాలి. చాలా కార్లలో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి 95–100 డిగ్రీల దగ్గరికి రాగానే ఆ వేడిని కనిపెట్టే సెన్సార్ కబురు పంపుతుంది, ఫ్యాన్‌కి కరెంటు వదిలే స్విచ్చు, అదే రిలే, 'టిక్'మంటుంది. కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే, కనెక్టర్లు దాటి మోటారుకి వెళ్తుంది, ఎర్త్ వైరు మీదుగా తిరిగొస్తుంది.

దీన్ని ఇటుకలు అందించే వరస అనుకో. నా చిన్నప్పుడు ఎక్కడ గోడ లేస్తున్నా పిల్లలం పరుగెత్తి ఆ వరసలో దూరేవాళ్ళం. చేతులు ఎర్రగా కందిపోయేవి, అయినా అదొక సంబరం. మాలో ఒక బక్కపలచని కుర్రాడుండేవాడు. పొద్దున్నే అందరికన్నా వాడే హుషారు. ఎండ ముదిరి ఇటుకలు గబగబా వస్తుంటే మాత్రం వాడికి పట్టు తప్పేది, వరస మొత్తం ఆగిపోయేది. మేస్త్రీ కిందికి దిగొచ్చేలోపు వాడు ఊపిరి పీల్చుకుని మళ్ళీ చక్కగా అందించేవాడు. ఎవరి దగ్గర ఆగిందో ఆయనకెలా తెలుస్తుంది? ఒక్క ఇటుక పంపి చూస్తే ఎవరైనా అందిస్తారు. అందుకని ఆయన పని జోరు మీద ఉండగా, ఆ ఎండలోనే, వరస పక్కన నడిచాడు. ఇటుకలు ఎవరి ముందు పోగుపడుతున్నాయో చూశాడు.

మీ కారులోనూ అలాంటి కుర్రాడు ఎక్కడో ఉన్నాడు. మనం లూజ్ కాంటాక్ట్ అనేది వాడినే. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా వోల్టులు కొలిచే మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు అడిగేది ఒక్క ఇటుకనే. ఫ్యానేమో 20 ఆంపియర్లు అడగగలదు. ఆ దారిలో 0.2 ఓం అడ్డంకి ఉంటే 4 వోల్టులు అక్కడే ఆగిపోతాయి, 80 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది, పట్టు ఇంకా వదులవుతుంది. చల్లారాక మళ్ళీ అతుక్కుంటుంది. మెకానిక్ చూసింది చల్లారిన కారుని!

అందుకే ఫ్యాన్ తిరుగుతుండగానే ఒక్కో జాయింటుకి అటూ ఇటూ మీటరు పెట్టి చూడాలి. ఎక్కడ వోల్టులు ఎక్కువ కనిపిస్తే కుర్రాడు అక్కడున్నట్టు. ఇక ఫ్యాన్ ఆగిన క్షణం బంగారంలాంటిది, దాన్ని వదులుకోకూడదు. అప్పుడు కర్రతో మోటారుని చిన్నగా తడితే తిరిగిందా, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు. అదే నంబరున్న రిలే పక్కనే ఇంకోటి ఉంటే మార్చి పెట్టి చూడొచ్చు.

చాలామంది ఇంత ఓపిక పట్టరు, ముందే మోటారు మార్చేస్తారు. ఆ రోజు ఫ్యాన్ తిరుగుతుంది కూడా, విప్పి బిగించడంలో కనెక్టర్ కదిలి కాసేపు సర్దుకుంటుంది కాబట్టి. నాలుగు రోజులకి మళ్ళీ మొదలు. చేతికి దొరక్కుండా తప్పు ఎవరి మీదా మోపకూడదురా, మోటారు మీదైనా సరే, మనిషి మీదైనా సరే.

సెన్సార్ సంగతి ఇంకా చెప్పాలి. ఇప్పటి చాలా కార్లలో దాని లోపల కదిలేదేదీ ఉండదు, చిన్న పూసంత పదార్థం, అంతే. వేడెక్కేకొద్దీ రాగి తీగలో కరెంటుకి అడ్డంకి పెరుగుతుంది, ఈ పూసలో తగ్గుతుంది! ఇన్నేళ్ళొచ్చినా దీన్ని తలుచుకుంటే నాకు ఆశ్చర్యమే.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. నాన్న ఉన్నప్పుడే చెయ్యి. ఇంజన్ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది, కాబట్టి నీ చేతులు నీ వెనకే ఉండాలి. వేడి మీద రేడియేటర్ మూత ఎవరూ తీయకూడదు. అమ్మని ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయమను, చాలా కార్లలో దాంతో ఫ్యాన్ కూడా తిరుగుతుంది. నాన్నని రిలే మీద వేలుంచమను, టిక్ వేలికి తెలుస్తుంది. టిక్ తెలిసీ ఫ్యాన్ తిరగకపోతే మనం వెతికే దారి ఒకటి, టిక్కే లేకపోతే ఇంకొకటి. ఏది జరిగిందో నాకు రాయి.

మీ తాతయ్య